పాపకి బైపోలార్ అయ్యుండొచ్చు అన్నారు, ఇప్పుడు నేనేం చెయ్యాలి?

ప్రశ్న: అక్కా, మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. పాపకి 17 నిండాయి, విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండ్ ఇయర్ ఎంపీసీ చదువుతోంది. పోయిన సంక్రాంతి సెలవులకి వచ్చి రెండు నెలలు మంచం దిగలేదు, తల దువ్వుకోదు, నాకేం రాదమ్మా అని ఏడుపు. చదువు ఒత్తిడి అనుకున్నాం, తర్వాత అదే సర్దుకుంది. ఈ కార్తీకమాసంలో తీసుకెళ్ళండి అని కాలేజీ నుంచి ఫోన్. హాస్టల్లో నాలుగు, ఇంట్లో అయిదు, మొత్తం 9 రాత్రులు రెండు గంటలు కూడా పడుకోలేదు, అయినా అలసట లేదు, ఒకటే మాటలు, కంపెనీ పెడతానంటది, వాళ్ళ నాన్న ఫోన్‌పేలో 38 వేలు ఖర్చుపెట్టేసింది, నా ఫోన్లోంచి క్లాసు అబ్బాయిలకి ఏవేవో మెసేజీలు పెట్టింది. అవి చూసి నేను చెయ్యి చేసుకున్నా. గుంటూరులో డాక్టర్ గారు "బైపోలార్ అయ్యుండొచ్చు, చూద్దాం" అని రాత్రికి ఒక బిళ్ళ, ఇంకా లిథియం రాశారు. నెలయింది, నెమ్మదించింది. మా ఆయన వయసు పొగరు అంటారు, అత్తగారు గాలి సోకింది అంటారు. మా తమ్ముడు కూడా ఇట్టాగే ఉండి 26 ఏళ్ళకే ప్రాణం తీసుకున్నాడు, ఇది నా రక్తమేనా? అయ్యుండొచ్చు అంటే ఉన్నట్టా లేనట్టా? మార్చిలో పరీక్షలు, తిరిగి పంపనా? నిన్న వాళ్ళ తమ్ముడితో క్యారమ్స్ ఆడుతూ పాప గట్టిగా నవ్వింది, నాకు గుండె ఆగినంత పనయింది.

జవాబు: చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. నేను డాక్టర్ని కాదు. మా అబ్బాయికి ఇదే జబ్బు 16 ఏళ్ళప్పుడు బయటపడింది, ఇప్పుడు వాడికి 28, ఈ పన్నెండేళ్ళు ఆసుపత్రి బెంచీల మీద కూర్చుని, డాక్టర్లని అడిగి అడిగి, తప్పులు చేసి నేర్చుకున్నదే నీకు చెప్తా. బిళ్ళల సంగతిలో మాత్రం మీ డాక్టర్ గారి మాటే ఫైనల్.

ముందు ఆ "అయ్యుండొచ్చు" గురించి. బైపోలార్ అంటే కొన్నాళ్ళు మనిషి మరీ పైకి లేచిపోవడం, కొన్నాళ్ళు మరీ కుంగిపోవడం. ఉందో లేదో తేల్చి చెప్పరేంటి అని నాకూ ఒళ్ళు మండేది అప్పట్లో. కానీ ఇది ఎక్స్‌రేలో కనపడేది కాదు, రక్తం తీస్తే తేలేది కాదు, మనిషి ఇన్నాళ్ళూ ఎలా ఉంది, ఎప్పుడు మారింది, ఎన్ని రోజులు అలా ఉంది అనేదాన్ని బట్టే చెప్పాలి. రక్తపరీక్షలు రాస్తారు కానీ అవి వేరే కారణం ఏదైనా ఉందేమో చూడటానికి, థైరాయిడ్ ఎక్కువైనా నిద్ర లేకుండా గాభరాగా తిరుగుతారు, గంజాయి తాగినా, స్టెరాయిడ్ బిళ్ళలు వాడినా ఇలా అవ్వొచ్చు. ఇంకోటేంటంటే పిల్లల్లో ఈ పేరు తొందరపడి పెట్టేసిన రోజులు ఉన్నాయి, అమెరికాలో ఎప్పుడూ చిరాకుపడే చిన్నపిల్లలకి కూడా బైపోలార్ అని రాసేస్తుంటే 2013లో అక్కడి సైకియాట్రిస్టులే అలాంటి పిల్లల కోసం వేరే పేరు పెట్టాల్సి వచ్చింది. అందుకని మీ డాక్టర్ గారు "చూద్దాం" అన్నారంటే అది తెలియక అన్న మాట కాదు, జాగ్రత్తగా అన్న మాట.

అయితే నువ్వు రాసింది చూస్తే వయసు పొగరు అనుకోడానికి నాకు మనసొప్పట్లేదు. పొగరుగా ఉండే పిల్లకి తెల్లారి పదింటిదాకా నిద్ర కావాలి. నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అక్కర్లేకపోవడం వేరు. టెన్షన్‌తో నిద్రపట్టని పిల్ల పొద్దున్నే కళ్ళు పీక్కుపోయి నీరసంగా ఉంటది, మీ పాప రెండు గంటలు కూడా పడుకోకుండా తొమ్మిది రోజులు హుషారుగా తిరిగింది అంటే అది వేరే. అలా పైకి లేచిపోవడాన్నే మేనియా అంటారు, మేనియా అనాలంటే డాక్టర్లు మామూలుగా కనీసం వారం రోజులు అలా ఉందా అని చూస్తారు, డిప్రెషన్ అంటే కనీసం రెండు వారాలు. ఈ జబ్బు విడతలు విడతలుగా వస్తుంది, మధ్యలో పిల్ల ఎప్పటి పిల్లలాగే ఉంటది, అందుకే ఇంట్లో వాళ్ళు నటన అనుకుంటారు. రోజుకి నాలుగు సార్లు మూడ్ మారడం బైపోలార్ కాదు, అది 17 ఏళ్ళ పిల్ల ఉన్న ప్రతి ఇంట్లో ఉండేదే.

మేం చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మా వాడు మొదట డల్‌గా అయిపోయాడు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే డిప్రెషన్ అని దానికి మాత్రమే బిళ్ళలు ఇచ్చారు. ఇంతకుముందు ఎప్పుడైనా మరీ హుషారుగా, నిద్ర లేకుండా ఉన్నాడా అని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు, ఎందుకంటే అంతకు ముందు ఏడాది వాడు రెండు వారాలు రాత్రంతా మేలుకుని పాటలు రాసి, కీబోర్డ్ నేర్చుకుని, అందరితో గలగలా మాట్లాడితే మేం అది జబ్బనుకోలా, వీడికి కళ వచ్చిందనుకుని మురిసిపోయాం. ఆ బిళ్ళలు మొదలైన మూడో వారానికి వాడు పైకి లేచిపోయాడు, అర్ధరాత్రి బండి వేసుకుని హైవే మీదకి వెళ్ళిపోయాడు. బైపోలార్ ఉన్నవాళ్ళకి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే అలా తిరగబడొచ్చు అని తర్వాత తెలిసింది. అందుకే పోయిన సంక్రాంతి నాటి రెండు నెలల సంగతి కూడా డాక్టర్ గారికి పూసగుచ్చినట్టు చెప్పు, మీ తమ్ముడి సంగతి కూడా. పరువు అనుకుని దాచొద్దు, ఆయనకి మందు ఎంచుకోడానికి ఉపయోగపడేది అదే.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని పేరు తేల్చుకోవడం కాదు. పాప నిద్రని కాపాడటం, కాపాడుతూ రాసిపెట్టుకోవడం. ఒక వంద పేజీల నోట్‌బుక్ కొను. రోజుకి ఒక్క లైను చాలు, రాత్రి ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది, అన్నం తిన్నదా, మాట ఎలా ఉంది, నెలసరి ఎప్పుడు, బిళ్ళ వేసుకుందా, అంతే. "ఈ రోజు మంచిగా లేదు" అని రాయకు, "కూర బాలేదని ప్లేటు విసిరింది, పది నిమిషాల్లో సర్దుకుంది" అని రాయి. మూడు నెలలకి ఆ పుస్తకం చూస్తే నీకే దారి కనిపిస్తుంది. మా వాడి విషయంలో ప్రతిసారీ పైకి వెళ్ళే ముందు ఒక నాలుగైదు రోజులు నిద్ర గంట గంట తగ్గుకుంటూ వచ్చిందని ఆ నోట్‌బుక్కే చెప్పింది, తర్వాత నుంచి రెండో రోజే డాక్టర్‌కి ఫోన్ చేసేవాళ్ళం, రెండుసార్లు అడ్మిషన్ దాకా పోకుండా ఆగింది. ఇది పాపకి తెలియకుండా చెయ్యొద్దు, ఇద్దరం కలిసి రాద్దాం అను, కొన్నాళ్ళకి తనే రాసుకుంటది.

నిద్ర గురించి ఎక్కువ రాస్తున్నా అనుకోకు, నాకు తెలిసినంతలో ఈ జబ్బుకి మందు తర్వాత మందు అదే. నిద్ర తగ్గడం మేనియాకి గుర్తు మాత్రమే కాదు, కారణం కూడా అవుద్ది, రెండు రాత్రులు వరసగా మేలుకుంటే చాలు కొంతమందికి. ఆ హాస్టల్ టైమింగులు ఒకసారి గుర్తు చేసుకో, పొద్దున అయిదింటికి లేపి రాత్రి పదిన్నర, పదకొండు దాకా స్టడీ అవర్స్, ఆ పైన వీకెండ్ టెస్టులని లైటు కింద చదువు, మామూలు పిల్లలకే అది మంచిది కాదు, మీ పాపకి అసలు పడదు. ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ నీ దగ్గరికి వచ్చెయ్యాలి, పదింటికి లైట్లు ఆగాలి, పొద్దున ఒకే టైముకి లేవాలి, ఆదివారం కూడా. టీ, కాఫీ సాయంత్రం వద్దు. పెళ్ళిళ్ళలో తెల్లవారుజాము ముహూర్తాలు ఉంటాయి కదా, వాటికి పాపని లేపి తీసుకెళ్ళకు, రాత్రి బస్సు ప్రయాణాలు పెట్టుకోకు. మీ ఊరు కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నా, శివరాత్రికి కోటప్పకొండ తిరణాలకి ప్రభలు చూడ్డానికి రాత్రంతా మేలుకుంటారు, ఇంట్లో ఉపవాసం, జాగారం ఉంటాయి. ఈ ఏడాది పాపకి ఆ రెండూ వద్దు. పగటిపూట కొండకి తీసుకెళ్ళి దర్శనం చేయించి చీకటిపడే లోపు ఇంటికి తెచ్చెయ్యి, జాగారం కావాలంటే పాప పేరు మీద నువ్వు చెయ్యి.

లిథియం గురించి మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే అని ఉంటారు, బ్యాటరీల్లో వేసేదే కదా అని, మా ఆయనా అదే అన్నాడు. అది ఒక రకం ఉప్పు, 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ మేనియాకి పనిచేస్తుందని రాశాడు, అప్పటి నుంచి వాడుతున్నారు. మంచి మందే కానీ కొలత మీద నడిచే మందు, తక్కువైతే పనిచెయ్యదు, ఎక్కువైతే విషం. అందుకే రక్తంలో లిథియం లెవెల్ చూపించుకోవాలి, రాత్రి బిళ్ళ వేసుకున్నాక 12 గంటలకి, పొద్దున బిళ్ళ వేసుకోకముందు రక్తం ఇవ్వాలి, లేకపోతే రిపోర్ట్ తప్పు వస్తుంది. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా టైముకి చేయించాలి, ఎన్ని నెలలకోసారి అనేది డాక్టర్ గారినే అడిగి నోట్‌బుక్‌లో రాసుకో.

ఇంట్లో గుర్తుపెట్టుకోవాల్సింది నీళ్ళు, ఉప్పు. మీ పల్నాడు ఎండలు తెలిసినవే, చెమట పోయి నీళ్ళు తక్కువైతే ఒంట్లో లిథియం పెరిగిపోద్ది. నీళ్ళు బాగా తాగాలి, ఉప్పు ఎప్పుడూ తినేంతే తినాలి, ఎవరో చెప్పారని ఒక్కసారిగా ఉప్పు, పచ్చళ్ళు మానిపించకు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చెయ్యి, తర్వాతి డోసు వెయ్యాలా ఆపాలా అని అడుగు. చేతులు గట్టిగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం, మగతగా ఉండటం కనిపిస్తే ఫోన్లో అడుగుతూ కూర్చోకు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి లిథియం వాడుతోందని మొదటి మాటగా చెప్పు. ఇంకోటి, చాలామంది అమ్మాయిలకి తెలియదు ఇది, నెలసరి నొప్పికి మెడికల్ షాపులో మెఫ్తాల్ తెచ్చుకుని వేసేసుకుంటారు, బ్రూఫెన్ కూడా, ఆ రకం నొప్పి బిళ్ళలు లిథియంని పెంచుతాయి. అడగకుండా వెయ్యొద్దు, దానికి బదులు ఏం వాడాలో ముందే రాయించుకుని ఉంచు. అలాగే తర్వాతెప్పుడైనా మందు మార్చి వాల్‌ప్రోయేట్ రాస్తామంటే, ఆడపిల్ల కదా ఇంకేదైనా ఉందా అని తప్పకుండా అడుగు, గర్భంలో బిడ్డకి హాని చేస్తుంది కాబట్టి ఆడపిల్లలకి దాన్ని వీలైనంత వరకు ఇవ్వరు.

బాగైపోయింది కదా అని మందు ఆపాలనిపిస్తుంది, రెండో నెలలోనో మూడో నెలలోనో. మేం ఆపాం. ఆరు వారాలకి మళ్ళీ మొదటికొచ్చింది. జీవితాంతమా అని ఇప్పుడే అడగకు, ఈ ఏడాది వరకు అనుకో.

చెయ్యి చేసుకున్నా అని రాశావు. ఆ లైను దగ్గర నేను కాసేపు ఆగిపోయా, నేనూ కొట్టా, వాడి చెంప మీద నా వేళ్ళు పడిన రోజు ఇప్పటికీ గుర్తుంది. పైకి లేచి ఉన్నప్పుడు వాదించి ప్రయోజనం లేదు, తిట్టినా కొట్టినా లోపలికి వెళ్ళదు, అప్పుడు చెయ్యాల్సింది గదిలో జనాన్ని తగ్గించడం, టీవీ ఆపడం, చిన్న చిన్న మాటల్లో మాట్లాడటం, ఫోన్‌పే పిన్ మార్చేసి కార్డులు దాచేయడం, అంతే. కానీ దిగాక పిల్లకి అన్నీ గుర్తొస్తాయి, అది నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఎవరికి ఏం మెసేజ్ పెట్టిందో, నాన్న డబ్బులు ఎంత తగలేసిందో, అమ్మ ఎందుకు కొట్టిందో. ఆ సిగ్గుతోనే చాలామంది పిల్లలు లోపలికి కుంగిపోతారు. నువ్వు వెళ్ళి పక్కన కూర్చుని, నీకు ఒంట్లో బాగోలేదని నాకు తెలియలేదు తల్లీ, కొట్టడం నాదే తప్పు అని చెప్పు. తల్లి పిల్లకి సారీ చెప్తే చులకనైపోతుందని అత్తగారు అనొచ్చు, అననీ. ఆ మెసేజీల సంగతి మళ్ళీ ఎత్తొద్దు, కోపంలో కూడా, చుట్టాల ముందు అసలే వద్దు. ఆ 38 వేలు పోతే పోయాయి, ఏవైనా వెనక్కి పంపగలిగితే పంపండి.

మీ తమ్ముడి గురించి. ఇది రక్తంలో నడిచే మాట నిజమే, తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం పదిమందిలో ఒకరికి అటూ ఇటూగా చెప్తారు, మేనమామ అంటే ఇంకా దూరం. అంటే వంశంలో ఉన్నా ఎక్కువమందికి రాదు, అసలు వంశంలో ఎవరికీ లేకుండా కూడా వస్తుంది, మా రెండు వైపులా ఎవరికీ లేదు. నువ్వు తమ్ముడికి అక్కవి, పాపకి అమ్మవి, ఆ రెండూ నువ్వు చేసిన తప్పులు కావు. తమ్ముడికి అప్పట్లో ఎవరూ ఇది జబ్బని చెప్పి ఉండరు, పాపకి నెలలోపే డాక్టర్ దొరికారు. కానీ తమ్ముడు అలా పోయాడు కాబట్టి ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. మీది పొలం ఉన్న ఇల్లు అనుకుంటున్నా, పురుగుమందు డబ్బాలు, గడ్డిమందు ఇంట్లో ఉండకూడదు, ఈ రోజే తీయించి తాళం వేసిన చోట పెట్టించు, ఆ తాళం చెవి మీ ఆయన దగ్గర ఉండాలి. లిథియం స్ట్రిప్పులు కూడా నీ బీరువాలోనే, పూటకి పూట నువ్వే చేతికివ్వాలి. పాప మళ్ళీ డల్ అయితే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ళకి భయం, అది నిజం కాదు, అడిగితే చెప్పుకోడానికి దారి దొరుకుతుంది. అవును అంటే ఒంటరిగా ఒదలకు, అదే రోజు డాక్టర్ దగ్గరికి. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వానిదే, డబ్బులేం ఉండవు, ఏ టైములో అయినా తెలుగులోనే మాట్లాడతారు.

మీ ఆయన్ని ఈసారి డాక్టర్ దగ్గరికి తప్పనిసరిగా తీసుకెళ్ళు, నువ్వు చెప్తే పొగరు అనేవాళ్ళు డాక్టర్ చెప్తే వింటారు, మా ఇంట్లో అదే జరిగింది. అత్తగారితో గొడవపడకు, తాయెత్తు కట్టిస్తానంటే కట్టించనీ, బిళ్ళ మాత్రం ఆగకూడదు, పిల్లని రాత్రుళ్ళు ఎక్కడా ఉంచకూడదు, కట్టెయ్యడం, కొట్టడం, పొగ వెయ్యడం ఉండకూడదు. 2001లో తమిళనాడు ఏర్వాడిలో, దర్గా దగ్గర మానసిక రోగుల్ని ఉంచే చోట మంటలు అంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక చనిపోయారు, వాళ్ళందరినీ నయమవుతుందనే ఆశతోనే ఇంట్లో వాళ్ళు అక్కడ వదిలి వచ్చారు. ఆ సంగతి అత్తగారికి నెమ్మదిగా చెప్పు.

కాలేజీకి వస్తే, హాస్టల్‌కి పంపొద్దు. ఈ మాట గట్టిగానే చెప్తున్నా. డాక్టర్ గారి దగ్గర మెడికల్ సర్టిఫికెట్ తీసుకుని ప్రిన్సిపాల్‌ని కలిసి ఇంట్లో ఉండి చదివి పరీక్ష రాసేలా అడగండి, ప్రాక్టికల్స్‌కి నువ్వు తోడుండి తీసుకెళ్ళు. మార్చికి పిల్ల నిలకడగా ఉంటే రాస్తుంది, లేకపోతే సప్లిమెంటరీ ఉంది. జేఈఈ ఈ ఏడాది పక్కన పెట్టండి. కట్టిన ఫీజు గురించి మీ ఆయన బాధపడతారు, లక్షల్లో కట్టి ఉంటారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఫీజు కోసం పంపితే మళ్ళీ ఒక విడత వస్తే ఏడాది కాదు రెండేళ్ళు పోతాయి. మా వాడు ఇంటర్ మూడేళ్ళు చదివాడు, డిగ్రీ మామూలు కాలేజీలో చేశాడు, ఇవాళ తన జీతం తను తెచ్చుకుంటున్నాడు, రాత్రి పదింటికి పడుకుంటాడు.

పెళ్ళి ఎలా అనే మాట 17 ఏళ్ళ పిల్ల ముందు ఎవరూ ఎత్తకుండా చూడు. రెండో డాక్టర్ అభిప్రాయం కావాలనిపిస్తే గుంటూరు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, బెంగళూరులో నిమ్‌హాన్స్ అనే పెద్ద మానసిక ఆసుపత్రిలో పిల్లలకి, ఈ వయసు వాళ్ళకి ప్రత్యేకంగా విభాగమే ఉంది, వెళ్ళేటప్పుడు నోట్‌బుక్, పాత చీటీలు, రిపోర్టులు పట్టుకెళ్ళు. హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే అడ్మిషన్‌కి మానసిక జబ్బు అని కాదనడానికి లేదు, 2017 చట్టం ప్రకారం మిగతా జబ్బులతో సమానంగా ఇవ్వాలి. చిన్నవాడిని కూడా మర్చిపోకు, ఇంట్లో ఏం జరుగుతోందో వాడి వయసుకి తగ్గట్టు చెప్పు, అక్కకి ఒంట్లో బాగోలేదు, నీ వల్ల కాదు అని.

ఇక ఆ నవ్వు. ఇదే నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే నేను మూడేళ్ళు అలాగే బతికా, వాడు నవ్వితే భయం, పాడితే భయం, కొత్త చొక్కా అడిగితే భయం. ఒకరోజు వాడే అన్నాడు, నేను నవ్వినప్పుడల్లా నువ్వు నా కళ్ళలోకి చూస్తావమ్మా, అందుకే నీ ముందు నవ్వడం మానేశా అని. ఆ రోజు నుంచి నాకు నేను ఒక లెక్క పెట్టుకున్నా. వాడు నవ్వితే మొహం చూడను, నోట్‌బుక్ చూస్తా. రాత్రి ఎంతసేపు పడుకున్నాడు, నిన్న ఎంతసేపు, మొన్న ఎంతసేపు. సరిపోను పడుకుంటే ఆ నవ్వు వాడిదే.

నిన్న పాప క్యారమ్స్ ఆడుతూ నవ్విందని రాశావు కానీ మొన్న రాత్రి ఎన్ని గంటలు పడుకుందో రాయలేదు. అది చూసుకో. ఎనిమిది గంటలు పడుకుని ఉంటే ఈ సాయంత్రం వంట పని కాస్త ముందే కానిచ్చి, నువ్వు కూడా వెళ్ళి ఆ బోర్డు దగ్గర కూర్చో.